దిండు కింద పాఠం, పెడల్ మీద విమానం

1965లో వాల్ట్ డిస్నీ సంస్థ 'ది మంకీస్ అంకుల్' అని ఒక సినిమా తీసింది. హీరో మెర్లిన్ జోన్స్ అనే కాలేజీ కుర్రాడు. చేతిలో స్క్రూడ్రైవర్ లేకపోతే నిద్ర పట్టని రకం, ఎప్పుడూ ఏదో ఒకటి కనిపెడుతూ ఉంటాడు. అంతకు ముందు ఏడాది వచ్చిన మెర్లిన్ జోన్స్ సినిమాకి ఇది రెండో భాగం. మెర్లిన్‌గా టామీ కిర్క్, అతని స్నేహితురాలిగా అనెట్ ఫ్యూనిసెల్లో నటించారు. దర్శకుడు రాబర్ట్ స్టీవెన్సన్. 'మేరీ పాపిన్స్' తీసింది ఆయనే. టైటిల్ పాటని అనెట్‌తో కలిసి బీచ్ బాయ్స్ పాడారు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఇబ్బంది లేకుండా చూడగలిగే సినిమా. చింపాంజీకి బట్టలు తొడిగి నటింపజేయడం మాత్రం ఇప్పుడు చూస్తుంటే మనసు ఒప్పదు.

కథలో మెర్లిన్ చేసే ప్రయోగాలు ముఖ్యంగా రెండు. మొదటిది నిద్రలో చదువు. పడుకున్నవాళ్ల చెవిలో పాఠం వినిపిస్తే పొద్దున్న లేచేసరికి వచ్చేస్తుందని అతని నమ్మకం. ముందు స్టాన్లీ అనే చింపాంజీ మీద, తర్వాత చదువులో వెనకబడ్డ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద ప్రయోగిస్తాడు. రెండోది ఇంజను లేకుండా మనిషి పెడల్ తొక్కి ఎగిరే విమానం. తొక్కేవాడికి బలం సరిపోక, బలం పెంచే ఒక మందు తాగించి కూర్చోబెడతారు.

ఈ రెండింటిలో ఏది జరిగే పని, ఏది సినిమా కోసం అల్లింది అని మా ఇంట్లో పిల్లల్ని అడిగాను. నిద్రలో చదువు అయ్యుండొచ్చన్నారు. పెడల్ తొక్కి ఎగరడం ఉత్త కామెడీ అన్నారు. పెద్దవాళ్లు కూడా అదే మాట. నిజంలో జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. ఈ ముడి విప్పి చూడాలనిపించడానికి ఇంకో కారణం ఉంది. ఇంటర్ చదివే పిల్లల్ని తెల్లవారకుండానే లేపేదీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలతో కాలేజీ బస్సులు నింపేదీ మా గోదావరి డెల్టాయే. సినిమాలోని రెండు ప్రయోగాలకీ ఇక్కడ పని ఉంది.

ముందు నిద్ర సంగతి. 1950లు, 60లలో ఇది ఒక్క సినిమావాళ్ల ఊహే అనుకోవద్దు. దిండు కింద పెట్టుకునే స్పీకర్లు, రాత్రంతా ఒకే పాఠాన్ని తిప్పి తిప్పి వినిపించే యంత్రాలు అమెరికాలో అమ్మకానికి ఉండేవి. నిద్రపోతూ విదేశీ భాష నేర్చుకోవచ్చని ప్రకటనలు వచ్చేవి. కొన్ని ప్రయోగాల్లో ఫలితం వచ్చినట్టు కూడా కనపడింది. పడుకున్నవాళ్లకి మాటల జాబితా వినిపించి, పొద్దున్నే అడిగితే కొన్ని చెప్పగలిగారు.

కానీ ఆ ప్రయోగాల్లో చాలావాటిలో, వింటున్నప్పుడు వాళ్లు నిజంగా నిద్రలో ఉన్నారా లేదా అన్నది సరిగ్గా కొలవనే లేదు. కళ్లు మూసుకుని కదలకుండా పడుకున్నవాడు నిద్రపోతున్నట్టే కనిపిస్తాడు. విలియం ఎమన్స్, చార్లెస్ సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇక్కడే పట్టుకున్నారు. పడుకున్నవాళ్ల తలకి ఎలక్ట్రోడ్లు పెట్టి, ఈఈజీలో మెదడు తరంగాలు చూస్తూ మాటలు వినిపించారు. మనిషి మెలకువగా ఉండి కళ్లు మూసుకున్నప్పుడు ఆల్ఫా తరంగాలు కనిపిస్తాయి. ఆ తరంగాలు ఉన్న సమయంలో విన్నవి మాత్రమే పొద్దున్న గుర్తున్నాయి. అవి పోయి అసలు నిద్ర పట్టాక విన్నవి గుర్తులేవు. 1956లో ఈ ఫలితం బయటికొచ్చింది. సినిమా వచ్చింది ఆ తర్వాత తొమ్మిదేళ్లకి.

నిద్రలో చెవి మూసుకుపోదు. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడి లేస్తాం. కొన్ని చిన్న అలవాట్లు కూడా నిద్రలో అంటుకుంటాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2012లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. నిద్రపోతున్నవాళ్లకి ఒక శబ్దంతో పాటు మంచి వాసన, ఇంకో శబ్దంతో పాటు చెడు వాసన చూపించారు. కొన్నిసార్లు అయ్యాక వాసన లేకుండా ఉత్త శబ్దం వినిపించినా, మంచి వాసన తాలూకు శబ్దానికి గాలి గట్టిగా పీల్చారు. మెలకువ వచ్చాక కూడా అలాగే పీల్చారు, ఎందుకు పీలుస్తున్నారో మాత్రం వాళ్లకే తెలియదు. ఒక శబ్దానికి ముక్కు స్పందించడం వరకు సరే. పానిపట్టు యుద్ధాలు ఎప్పుడు జరిగాయో, ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఏ చర్య తర్వాత ఏది వస్తుందో అలా ఎక్కదు. కొత్త విషయాన్ని అర్థం చేసుకుని, ముందే తెలిసినవాటితో ముడిపెట్టి దాచుకోవాలంటే మనిషి మెలకువగా ఉండాలి.

మరి నిద్రకీ చదువుకీ సంబంధమే లేదా అంటే, చాలా ఉంది. మెర్లిన్ వెతికిన చోట లేదు, అంతే. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీలో ఇద్దరు విద్యార్థులతో అర్థం లేని అక్షరాల ముక్కలు బట్టీ పట్టించారు. కొన్నిసార్లు బట్టీ అవగానే నిద్రపుచ్చారు, కొన్నిసార్లు మెలకువగా ఉంచారు. ఎనిమిది గంటల తర్వాత అడిగితే, నిద్రపోయినప్పుడు సగానికి పైగా గుర్తున్నాయి. మెలకువగా ఉన్నప్పుడు పదింట ఒకటి కూడా సరిగ్గా మిగల్లేదు. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు నిద్రలో నెమరు వేసుకుని గట్టిపరుచుకుంటుందని ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. 2007లో జర్మనీలో చేసిన ప్రయోగం నాకు బాగా నచ్చింది. బోర్లా పెట్టిన కార్డుల్లో జంటలు ఎక్కడెక్కడున్నాయో గుర్తుపెట్టుకునే ఆట ఆడించారు. ఆడుతున్నంతసేపూ గులాబీ వాసన చూపించారు. ఆ రాత్రి గాఢనిద్రలో మళ్లీ అదే వాసన చూపించినప్పుడు పొద్దున్న 97 శాతం గుర్తుంటే, చూపించనప్పుడు 86 శాతం గుర్తుంది. వాసన కొత్తగా ఏమీ నేర్పలేదు. పగలు నేర్చుకున్నదాన్ని నిద్రలో ఒకసారి తట్టి లేపింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర రెసిడెన్షియల్ కాలేజీల్లో చాలాచోట్ల రాత్రి స్టడీ అవర్ అయ్యేసరికి పదిన్నర, పదకొండు అవుతుంది. పొద్దున్న అయిదింటికల్లా గంట మోగుతుంది. మిగిలేది ఆరు గంటలు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం సిఫారసు చేస్తుంది. మెర్లిన్ కనీసం తన ఆటగాళ్లని పడుకోనిచ్చాడు. మనం పిల్లలకి రోజంతా పాఠాలు ఎక్కించి, అవి కుదురుకోవాల్సిన రెండు గంటల్ని కోసేసి, ఆ రెండు గంటల్లో ఇంకో పాఠం ఎక్కిస్తున్నాం. అది ఎక్కదు సరికదా, ముందు ఎక్కిందీ జారిపోతుంది. హాస్టల్‌లో చేర్పించేటప్పుడు ఫీజు, మెస్సు, ర్యాంకులు అన్నీ అడుగుతాం. లైట్లు ఎన్నింటికి ఆర్పుతారని అడిగే తల్లిదండ్రులు నాకు అరుదుగా కనపడ్డారు.

ఇక విమానం.

మా మేనల్లుడు భీమవరంలో బీటెక్ మెకానికల్ చదువుతున్నాడు. సినిమా చూశాక వాడు, "ఆ మందు సంగతి వదిలెయ్ మామయ్యా, అసలు మందు లేకుండా ఎంత బలం కావాలి?" అని అడిగాడు. అసలు ప్రశ్న అదే. జిమ్‌లో తొక్కినప్పుడు వాట్లు చూపించే సైకిలు ఉంటే వాణ్ణి ఎక్కించాను. వాడు ఆటలాడే కుర్రాడే. 250 దగ్గర అంకెని నిలబెట్టడానికి ప్రయత్నించాడు. మొదట్లో నవ్వుతూనే తొక్కాడు. కాసేపటికి మాట ఆగింది, మెడ మీద నరాలు తేలాయి, అంకె 240, 220, 190 అంటూ దిగిపోయింది. దిగి నీళ్లు తాగి, "ఇంత తొక్కినా మన మిక్సీ కూడా తిరగదు కదా" అన్నాడు.

నిజమే, తిరగదు. ఆరోగ్యంగా ఉండి బాగా సైకిల్ తొక్కే అలవాటున్న మనిషి గంటసేపు ఇవ్వగలిగేది సుమారు 200 వాట్లు. ప్రపంచస్థాయి సైక్లిస్టు అయితే 400 వాట్ల దాకా వెళ్తాడు. మా మేనల్లుడి వాళ్ల రొయ్యల చెరువులో నీళ్లకి గాలి కలపడానికి తిరిగే ఏరేటర్‌కి మామూలుగా రెండు హార్స్‌పవర్ మోటారు ఉంటుంది, అంటే దాదాపు 1,500 వాట్లు. కరెంటు పోయిన రాత్రి జనరేటర్ కూడా మొరాయిస్తే, ఆ ఒక్క ఏరేటర్ని తిప్పడానికి ఏడెనిమిది మంది బలమైన కుర్రాళ్లు ఆపకుండా పెడల్ తొక్కాలి. ఇటు చూస్తే, ఒక మనిషి తనతో పాటు విమానాన్ని కూడా గాల్లోకి లేపాలి. 1680లో అచ్చయిన పుస్తకంలో ఇటలీ శాస్త్రవేత్త బొరెల్లి పక్షుల కండరాల్ని మనిషి కండరాలతో పోల్చి, మనిషి సొంత బలంతో ఎగరలేడని తేల్చాడు. చేతులకి రెక్కలు కట్టుకుని ఆడించే సంగతైతే ఆయన అన్నది అక్షరాలా నిజం.

సినిమా ఈ లెక్కని బలం వైపు నుంచి పరిష్కరించింది. మందు తాగించు, బలం పెంచు, ఎగిరించు. చూడటానికి బాగుంటుంది, కానీ శరీరం అలా పనిచేయదు. కంగారులో, భయంలో ఆడ్రినలిన్ పొంగినప్పుడు మనిషి కాసేపు మామూలు కంటే ఎక్కువ బలం చూపిస్తాడు. మంచి ఆటగాడు కొన్ని సెకన్ల పాటు వెయ్యి వాట్లు దాటి తొక్కగలడు కూడా. నిమిషాల మీద నిలబడాలంటే మాత్రం గుండె, ఊపిరితిత్తులు కండరాలకి ఎంత ఆక్సిజన్ అందించగలవన్నదే హద్దు. గ్లాసుడు మందుతో ఆ హద్దు చెరిగిపోదు.

సినిమా వచ్చేనాటికి బయట ప్రపంచంలో ఈ పోటీ నిజంగానే నడుస్తోంది. హెన్రీ క్రెమర్ అనే బ్రిటిష్ పారిశ్రామికవేత్త 1959లో 5,000 పౌండ్ల బహుమతి ప్రకటించాడు. అర మైలు దూరంలో ఉన్న రెండు గుర్తుల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో, సొంత బలంతోనే ఎగరాలి. మొదట్లో, చివర్లో పదడుగుల ఎత్తు దాటాలి. 1961 నవంబరు 9న సౌథాంప్టన్ యూనివర్సిటీ విద్యార్థులు కట్టిన విమానం పెడల్ బలంతో నేల విడిచి అరవై మీటర్ల పైచిలుకు ఎగిరింది. కాలేజీ కుర్రాళ్లు పెడల్ విమానం కట్టడం సినిమాకి నాలుగేళ్ల ముందే జరిగిపోయిందన్నమాట. తిన్నగా పోవడం వచ్చింది కానీ, మలుపులు తిరిగి ఎనిమిది అంకె పూర్తిచేయడం ఎవరికీ కుదరలేదు. బహుమతి పెరుగుతూ 1973లో 50,000 పౌండ్లు అయింది. పద్దెనిమిదేళ్ల పాటు దాన్ని ఎవరూ గెలవలేకపోయారు.

గెలిచినవాడు పాల్ మెక్‌క్రెడీ. గ్లైడర్లలో, అంటే ఇంజను లేని విమానాల్లో, ప్రపంచ ఛాంపియన్, కాలిఫోర్నియాలో ఉండేవాడు. స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టి, దాదాపు లక్ష డాలర్లు నెత్తిన వేసుకున్నాడు. 50,000 పౌండ్లంటే అప్పటి లెక్కన సుమారు అంతే. అప్పు తీర్చుకోవాలనే ఆలోచన నుంచి విమానం పుట్టింది.

ఆయన చేసింది అర్థం కావాలంటే విమానం బలాన్ని ఎక్కడ ఖర్చు చేస్తుందో చూడాలి. గాలిని చీల్చుకుని ముందుకు పోవడానికి కొంత ఖర్చవుతుంది. బరువుని పైన నిలబెట్టడానికి కొంత ఖర్చవుతుంది. మొదటి ఖర్చు వేగంతో పాటు విపరీతంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లు అవుతుంది. రెండోది కొంచెం వింతగా ఉంటుంది. రెక్క గాలిని కిందికి తోస్తేనే విమానం పైన నిలుస్తుంది. కొద్దిపాటి గాలిని గట్టిగా తోసినా, ఎక్కువ గాలిని మెల్లగా తోసినా బరువు నిలుస్తుంది. కానీ గాలికి ఇచ్చే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఎక్కువ గాలిని మెల్లగా తోయడమే చవక. ఎక్కువ గాలి అందాలంటే రెక్క పొడుగ్గా ఉండాలి. బరువు, వేగం పెరగకుండా రెక్క పొడవు రెట్టింపు చేయగలిగితే ఈ ఖర్చు నాలుగో వంతుకి పడిపోతుంది.

పొడుగు రెక్క మంచిదని అందరికీ తెలుసు. పొడవు పెంచితే బరువు పెరుగుతుందన్నదే అందరినీ ఆపింది. మిగతా జట్లు అసలైన విమానం కట్టినట్టే కట్టాయి. నున్నటి తొడుగు, లోపల దాచిన బలమైన దూలం, బయట ఒక్క తీగ కూడా కనపడకుండా. మెక్‌క్రెడీ చూసింది ఏమిటంటే, గంటకి పదిహేను, పదిహేడు కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి గాలి నిరోధం పెద్ద సమస్యే కాదు. మామూలు విమానానికి మహాపాపమైన తీగలు ఇక్కడ చెల్లిపోతాయి. బయట పియానో తీగలతో లాగి కట్టేస్తే లోపల బరువైన దూలం అక్కర్లేదు. సన్నటి అల్యూమినియం గొట్టాలు, పల్చటి మైలార్ ప్లాస్టిక్, అట్టముక్కలు, ఫోము, టేపు. 29 మీటర్ల రెక్క, ఖాళీ విమానం బరువు 32 కిలోలు. తొక్కేవాడికి కావలసింది సుమారు మూడో వంతు హార్స్‌పవర్, అంటే 250 వాట్ల చుట్టుపక్కల. జిమ్ సైకిల్ మీద మావాడు కాసేపు నిలబెట్టిన అంకె అదే.

నాకు ఇంతకంటే గొప్పగా అనిపించేది ఇంకొకటి ఉంది. ఆ విమానం మాటిమాటికీ పడిపోయేది, విరిగేది. మిగతా జట్ల అందమైన విమానాలు విరిగితే బాగుచేయడానికి నెలలు పట్టేది. దీన్ని టేపు వేసి, గొట్టం మార్చి, మర్నాడు మళ్లీ ఎగిరించేవారు. ఒక ఏడాదిలో వాళ్లు ఎన్నిసార్లు పడి నేర్చుకున్నారో, మిగతావాళ్లకి అన్ని అవకాశాలు రానేలేదు. మలుపు తిరగడం అలా పట్టుబడింది. 1977 ఆగస్టు 23న కాలిఫోర్నియాలోని షాఫ్టర్ దగ్గర బ్రయాన్ అలెన్ అనే కుర్రాడు ఆ విమానాన్ని, గాసమర్ కాండార్‌ని, తొక్కుతూ ఎనిమిది అంకె పూర్తిచేశాడు. రెండేళ్లకి, 1979 జూన్ 12న, అదే అలెన్ గాసమర్ ఆల్బట్రాస్ మీద ఇంగ్లిష్ చానల్ దాటాడు. 35 కిలోమీటర్ల పైచిలుకు, రెండు గంటల 49 నిమిషాలు. 1988లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు కట్టిన డేడలస్ మీద గ్రీసు సైక్లిస్టు కనెలోస్ కనెలోపులోస్ క్రీట్ నుంచి శాంటోరిని దాకా 115 కిలోమీటర్లు ఎగిరాడు.

మెర్లిన్ కథలో తొక్కేవాణ్ణి మార్చారు. మెక్‌క్రెడీ తొక్కేవాడి జోలికి పోకుండా, వాడి దగ్గర ఉన్న మూడో వంతు గుర్రం బలమే సరిపోయేలా మిగతా అంతా మార్చాడు. ఇంజనీరింగ్ చదివే పిల్లలకి ఈ సినిమా చూపిస్తే, వెంటనే ఈ తేడా కూడా చెప్పమని మాస్టార్లను బతిమాలతాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుని రెడీమేడ్‌గా కొనుక్కొచ్చి రిపోర్టు బైండింగ్ చేయించే అలవాటు చూస్తుంటే కడుపు రగిలిపోతుంది. లక్షల ఫీజు కట్టే పిల్లాడికి చేత్తో కట్టి, విరిగితే అతికించి, మళ్లీ కట్టే అవకాశం ఒక్కటి కూడా దక్కకపోవడం అన్యాయం.

ఇలాంటి విమానం మన డెల్టాలో ఎగురుతుందా అని మావాడూ వాడి స్నేహితులూ సీరియస్‌గానే లెక్కలేశారు. నేల చదునుగా ఉండటం మనకి వరం. కోనసీమలో కొబ్బరిచెట్లు 29 మీటర్ల రెక్కకి చోటివ్వవు. ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు చెరువు గట్ల మీద ఎక్కడ చూసినా ఏరేటర్ల కరెంటు తీగలు. మిగిలింది అత్తిలి, తణుకు వైపు వరి చేలు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యి, కాలువల్లో నీళ్లు ఆపేశాక చేలు ఎండి గట్టిపడతాయి. కానీ అప్పటికి ఎండలు ముదురుతాయి, పొద్దెక్కితే సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది. గంటకి పదిహేడు కిలోమీటర్లు పోయే విమానానికి పది కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే అది గంటకి ఏడు కిలోమీటర్లే ముందుకు పోతుంది. కాబట్టి తెల్లవారుజామున, ఆకు కదలని వేళే ఎగరాలి.

గాలి కంటే చెమట పెద్ద చిక్కని నా అభిప్రాయం. 250 వాట్లు పెడల్‌కి ఇచ్చే మనిషి లోపల సుమారు వెయ్యి వాట్లు ఖర్చు చేస్తాడు. మిగతా 750 వేడిగా బయటికి పోవాలి. మన ఉక్కలో చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. పైగా తొక్కేవాడు కూర్చునేది ప్లాస్టిక్ తొడుగు లోపల. చల్లటి ఇంగ్లిష్ చానల్ మీదే అలెన్‌కి తాగేనీళ్లు అయిపోయి కండరాలు పట్టేశాయి. అందుకని మావాళ్లు ముందు తొడుగుకి గాలి కన్నాలు ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తున్నారు.

మొత్తం విమానం ఇప్పుడే కట్టడం లేదు. మూడు మీటర్ల రెక్క ముక్క ఒకటి చాలన్నాను. అల్యూమినియం గొట్టం, థర్మకోల్ పక్కటెముకలు, మీద పల్చటి ప్లాస్టిక్. దాన్ని తిరగేసి రెండు స్టూళ్ల మీద పెట్టి, గాలి రెక్కని పైకి తోసే బలానికి బదులుగా ఇసుక సంచులు ఒక్కొక్కటీ పేర్చుకుంటూ పోవాలి. ఎన్ని కిలోల దగ్గర, ఏ అతుకు దగ్గర విరిగిందో రాసుకోవాలి. గొట్టాల కోసం పోయిన ఆదివారం మావాడు తాడేపల్లిగూడెం వెళ్లొచ్చాడు.